మా అమ్మ దీపాల సమ్మె

మేం యూదులం. ఈ ముక్క శ్రీకాకుళం జిల్లాలో ఎవరికైనా చెప్పి చూడండి, నా బాధ మీకే తెలుస్తుంది. "అంటే కిరస్తానీలా?" కాదు. "తురకలా?" కాదు. "మరేటి?" ఆ మరేటికి జవాబు తెలీక చిన్నప్పుడు నేను చాలామందితో దెబ్బలాడాను. మా నాన్న మాత్రం ఓపిగ్గా చెప్పేవాడు. మా పెద్దలు బొంబాయికి అవతల కొంకణ తీరంలో గానుగ ఆడించేవారనీ, శనివారం గానుగ ఆపేసేవారు గనక అక్కడివాళ్లు మమ్మల్ని శనివారం తెలికలవాళ్లు అనేవారనీ. వెంటనే ఎదుటి మనిషి మొహం విచ్చుకునేది. "అదీ! తెలికిలోలమని ముందే సెప్పొచ్చు కదేటి బాబూ!" అనేసి హాయిగా వెళ్లిపోయేవారు. తెలికలవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కదా మరి.

నాన్న రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్. నేను పుట్టిందీ, తెలుగు బళ్లో చదివిందీ విజయనగరంలో. ఇంట్లో మరాఠీ, గుమ్మం దాటితే తెలుగు. తిట్లు మాత్రం రెండు చోట్లా తెలుగే, వాటిలో ఉన్న రుచి ఇంకెక్కడా లేదు.

మా ఇంట్లో శుక్రవారం అంటే అమ్మది. రెండు గాజుగ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోసి, పైన కొబ్బరినూనె పోసి, వత్తులు వేసి, పొద్దు గుంకకముందే వెలిగించేది. వెలిగించి, రెండు అరచేతులతో కళ్లు మూసుకుని, ఆశీర్వాదం మంత్రం గొణిగేది. తర్వాత "శబ్బాత్ షాలోమ్" అని, కొబ్బరినూనె వాసన కొట్టే వెచ్చటి చెయ్యి నా తల మీద పెట్టేది. అక్కణ్ణించి శనివారం చీకటి పడేదాకా శబ్బాత్, అంటే మా విశ్రాంతి రోజు. మా ఇంట్లో నిప్పు వెలిగించడం లేదు, ఆర్పడమూ లేదు. ఆ చెయ్యి కోసం నేను వారమంతా బుద్ధిగా ఉండేదాన్ని. వారమంతా అంటే, గురువారం నుంచి.

అరవైల చివర్లో ఆమదాలవలస వచ్చాం. రావాల్సింది అక్కడికి కాదు. బొంబాయి వైపున్న మా అమ్మమ్మకి జబ్బు చేసింది. నాగపూర్‌కి బదిలీ దొరికితే అక్కణ్ణించి ఒక్క రాత్రి ప్రయాణమని అమ్మ ఆశపడింది. నాన్న అర్జీలు పెట్టాడు, అమ్మ దేవుడికి మొక్కుకుంది. బదిలీ వచ్చింది. నాగపూర్‌కి కాదు, విజయనగరం కంటే బొంబాయికి ఇంకాస్త దూరంగా. సామాను విప్పక ముందే అమ్మమ్మ పోయిందని టెలిగ్రాం. మాలో పోయినవాళ్లని ఆ రోజే మట్టిచేస్తారు. అమ్మ రైళ్లు మారి వెళ్లేసరికి చూడ్డానికి మట్టే మిగిలింది.

తిరిగొచ్చిన శుక్రవారం అమ్మ గాజుగ్లాసులు కడిగి, తుడిచి, పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

"నేను అడిగింది ఒక్కటి. అదీ ఇవ్వలేదు. ఇంక ఆయనకీ నాకూ మాటల్లేవు" అంది. ఆయనంటే దేవుడు. వరసకి మరిదిగారి మీద అలిగినట్టు చెప్పింది.

నాన్న నవ్వించబోయాడు. "సమ్మె ఎన్నాళ్లు?"

"డిమాండ్లు తీరేదాకా."

"ఏమిటా డిమాండ్లు?"

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ డిమాండు ఎవరు తీరుస్తారు? నాన్న ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

నాకు మాత్రం నా శుక్రవారం కావాలి. అగ్గిపెట్టె తీసుకెళ్లి ఆమె కంటికి ఆనేచోట పెడితే, "ఇక్కడెందుకు పెట్టావు, తడుస్తుంది" అని తీసేసింది. పోనీ నేను వెలిగిస్తానంటే, "పెళ్లయ్యాక నీ ఇంట్లో వెలిగించుకో, తల్లి ఉండగా నీకెందుకు?" అంది. తల్లి ఉండీ వెలిగించదు, నన్ను వెలిగించనివ్వదు. మంగళవారం తిన్నట్టే శుక్రవారమూ చారూ అన్నం తిని పడుకునేవాళ్లం. అమ్మ నవ్వడం కూడా మానేసింది. ఇంక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు నిజంగా భయం వేసేది.

అప్పుడు రంగంలోకి దిగింది పక్క క్వార్టరు మామ్మ. బుకింగ్ క్లర్కు వాళ్లమ్మ. పొందూరు అవతల పల్లెలో కమతం చేసిన మనిషి. కొడుకు దగ్గర పనిలేక కూర్చోవడం చేతకాక క్వార్టర్ల లైన్లో అందరి పనులూ తనవే చేసుకుంది. మా రెండిళ్లకీ నడుమ ఒకటే గోడ. ఒక శుక్రవారం దీపాల వేళ మా గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యేసింది.

"ఏటే అమ్మీ, శుక్రోరం పూట ఇల్లు సీకటి సేసుకుని కూకున్నావు?"

"మేం పెట్టడం లేదు పిన్నిగారూ" అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"ఓలమ్మో! తెలికిలోలింట్లో దీపానికి నూనె లేదా?"

"నూనె ఉంది. మనసు లేదు."

"మనసెవులడిగారే నిన్ను? లచ్చిందేవి ఈ లైనమ్మట వస్తాదా, నీ గుమ్మం సీకటిగా ఉంటే ఎనక్కి మళ్లి ఎలిపోతాది. నీ తరవాతింట్లో నానున్నాను. నా గతేటి?"

"మీ లక్ష్మి వేరు, మా దేవుడు వేరు పిన్నిగారూ."

"ఎవులైతే ఏటి? సీకట్లో తోవ కనపడద్దా?"

అమ్మకి ఒళ్లు మండి లోపలికి వెళ్లిపోయింది. మామ్మ ఊరుకునే మనిషి కాదు. ఇంటికి వెళ్లి ప్రమిదలో నువ్వులనూనె పోసి, తన చేత్తో ఒత్తిన వత్తులు రెండు కలిపి వేసి, వెలిగించి తెచ్చి మా గడప మీద నడిమధ్య పెట్టేసింది. నాకేసి ఒక కన్ను కొట్టి మరీ వెళ్లింది. అప్పటికి పొద్దు పూర్తిగా గుంకింది. అంటే మా లెక్కలో శబ్బాత్ వచ్చేసింది.

అమ్మ బయటికొచ్చి చూసింది. "అగ బాయీ!" అని నెత్తి కొట్టుకుంది. ఒక్క ఊదు ఊదితే పోయే దీపం. ఊదలేదు. చేత్తో పక్కకి జరపనూ లేదు. దానికెదురుగా పీట వాల్చుకుని కూర్చుని, తలుపు తెర దానికి అంటుకుంటుందేమోనని కాపలా కాసింది. కాసినంతసేపూ మామ్మని, ఆమెకి తెలియకూడదని కాబోలు, మరాఠీలో తిట్టింది. ఆ తిట్లలో ఉప్పు లేదు.

ఇంతలో నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, గడప మీద మంట.

"ఎవరు పెట్టారిది? ఆర్పెయ్యనా?"

"శబ్బాత్ నాడు ఆర్పుతావా!" అని అమ్మ గయ్యిమంది.

"నువ్వు మానేశావు కదా?"

"నేను మానేసింది వెలిగించడం. ఆర్పడం మొదలుపెట్టలేదు."

నాన్న ప్యాంటు పైకెత్తి పట్టుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి, ఒక్క దూకు దూకాడు. అలమర తలుపుకి గుద్దుకుని ఆగాడు. నేను పకపకా నవ్వాను. అమ్మ నవ్వలేదు గానీ, పెదవి మాత్రం కొరుక్కుంది. నాకు ఆశ పుట్టింది.

పై శుక్రవారం మామ్మ మళ్లీ తెచ్చి పెట్టింది, మళ్లీ పొద్దు గుంకాకే. అమ్మ మళ్లీ కాపలా. ఆ పై శుక్రవారానికి వ్యవహారం ముదిరింది. సాయంకాలం నుంచీ అమ్మ గుమ్మంలోకి వస్తుంది, పడమటి వైపు చూస్తుంది, లోపలికి వెళ్తుంది. "ఇంకా రాదేం ఈ మనిషి? పొద్దు వాలిపోతోంది" అని సణుగుతుంది. దీపాలు మానేసిన మనిషికి దీపం ఆలస్యమైతే ఎందుకని నేను అడగలేదు. నాకు తిక్క ఉంది గానీ మరీ తెలివి తక్కువదాన్ని కాను.

చివరికి ఉండబట్టలేక అమ్మ గోడ మీంచి కేకేసింది. "పిన్నిగారూ! పెట్టేదేదో పొద్దుండగానే పెట్టండి!"

మామ్మ చేటలో మినుములతో సహా వచ్చేసింది. "పొద్దుండగా దీపమేటే పిచ్చిదానా? సూరీడికి తోవ సూపిత్తావా?"

"పొద్దు గుంకాక పెడితే తప్పు!"

"పొద్దు గుంకకుండా ఎట్టడం పిచ్చి!"

"మా అమ్మ అలాగే పెట్టేది. వాళ్లమ్మా అలాగే పెట్టేది. సూర్యుడుండగా వెలిగించాలి, వెలిగించాక ముట్టుకోకూడదు. వచ్చీ రాని పని చేసి నా గడప మీద పెట్టడానికి మీరెవరు?"

"నాకు రాదా? అయితే నువ్వెట్టు, సూత్తాను! బేగి ఎట్టు!"

అమ్మ విసురుగా లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత దభాలున లేచింది. పాత చీర మూట ఊడింది. ఎవరైనా ఒక్క మాట అంటే ఆమె ఆగిపోతుందేమోనని నాకు భయం. గ్లాసులు బల్ల మీద టకటకా పడ్డాయి. నీళ్లు, నూనె, వత్తులు. అంత కోపంలోనూ పని మాత్రం తప్పడం లేదు.

మామ్మ ఊరుకోదే! "ఒంటొత్తి ఎట్టకూడదే!"

"రెండు గ్లాసులకీ కలిపి రెండు. నోరు మూసుకుని చూడండి!"

లైన్లో ఆ మామ్మని నోరు మూసుకోమన్న మనిషి అప్పటిదాకా లేదు. నిజంగానే మూసుకుంది.

అమ్మ అగ్గిపుల్ల గీసింది. ఒకటి వెలిగింది, రెండోదీ వెలిగింది. కిటికీలో ఇంకా ఎర్రటి పొద్దు ఉంది. అమ్మ రెండు అరచేతులూ ఎత్తి కళ్లు మూసుకుంది.

నాకది కొత్త కాదు. మామ్మకి కొత్త. శుక్రవారం పూట, వెలుగుతున్న దీపం ముందు, ఇల్లాలు మొహం చేతుల్లో దాచుకుని నిలబడింది. మామ్మ లెక్కలో ఇంతకంటే ఘోరం లేదు. "ఓలమ్మో! దీపం కాడ ఏడుపేటే! తియ్యి, సేతులు తియ్యి!" అని ఒక్క అంగలో వెళ్లి అమ్మ మణికట్లు రెండూ పట్టుకుని కిందికి లాగేసింది.

"మామ్మా, ఏడుపు కాదు, అది మా పద్ధతి!" అని నేను అరిచాను.

అరిచాక అమ్మ మొహం చూశాను. ఏడుపే. అమ్మమ్మ పోయిన కబురొచ్చిన రోజున ఏడవలేదు, వెళ్లొచ్చాకా ఏడవలేదు. ఇప్పుడు బుగ్గల మీంచి కారి గడ్డం నుంచి జాకెట్టు మీద పడుతోంది. పెదవులు మాత్రం ఆగకుండా ఆ మంత్రమే చెబుతున్నాయి. మధ్యలో లాగేసినా ఎక్కడా తెగలేదు.

మామ్మ ఆ మొహం చూసింది. మినుముల మాట, లచ్చిందేవి మాట, అన్నీ మర్చిపోయినట్టుంది. తను పట్టుకున్న చేతుల్ని మెల్లిగా పైకెత్తి, మళ్లీ అమ్మ కళ్ల మీద తనే పెట్టింది. పెట్టి, పైన తన చేతులు కూడా అలాగే ఉంచింది.

"కానీ తల్లీ. నాకేటి బేగి లేదు."

ఎంతసేపలా నిలబడ్డారో! మంత్రం ఎప్పుడో అయిపోయింది, ఆ తర్వాత అమ్మ మరాఠీలో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. నాన్న వచ్చి, ఈసారి గడప మీద ఏమీ లేదు గనక మామూలుగా నడిచొచ్చి, వీళ్లిద్దర్నీ చూసి బూట్లు చేత్తో పట్టుకుని గోడవార నిలబడిపోయాడు. పొద్దు గుంకింది. గదిలో ఆ రెండు వత్తుల వెలుగే ఉంది.

అమ్మ చేతులు దించి కొంగుతో ముక్కు తుడుచుకుంది. శబ్బాత్ షాలోమ్ అంది. నా తల మీద చెయ్యి పెట్టింది. నేను పెద్దదాన్నయ్యానని మర్చిపోయి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

మామ్మ చేట ఎత్తుకుని గుమ్మం దిగుతోంటే అమ్మ వెనకనించి పిలిచింది.

"పిన్నిగారూ, వచ్చే శుక్రవారం పొద్దుండగానే రండి. ఆలస్యమైతే మీకోసం ఆగను."