మూడు మిల్లుల నీరజ

నేరేడుచర్ల దగ్గరి ఒక తండాలో బీకాం చదివిన మొదటి ఆడపిల్ల నీరజ. హైదరాబాద్‌లో ఓ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఆరేళ్లు పనిచేసి, 2003లో మిర్యాలగూడలోని ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకు ఫైనాన్స్ మేనేజరుగా వచ్చింది. వరుస నష్టాలతో యజమాని సుధాకర్ విసిగిపోయి ఉన్నాడు. మిల్లును అమ్మేముందు కాగితాలు సరిచేయించుకోవడానికే ఆమెను పెట్టుకున్నాడు.

వడ్లు సరైన ధరకే కొంటున్నారు. బియ్యం మాత్రం రంగు బాగాలేదని వెనక్కి వస్తోంది. ఎందుకో ఫైళ్లలో ఎక్కడా లేదు. ఒక మధ్యాహ్నం నీరజ అన్నం డబ్బా పట్టుకుని కల్లం మీదికి వెళ్లి, వడ్లు ఎండబోసే ఆడవాళ్ల పక్కన కూర్చుంది. వాళ్లలో పెద్దామె శాంతాబాయిని లంబాడీలో పలకరించింది. ఆ భాషలో మాట్లాడే ఆఫీసరును శాంతాబాయి అంతకుముందు చూడలేదు. కొన్న పచ్చి వడ్లు కల్లంలో పట్టక కుప్పలుగానే ఉండిపోతున్నాయనీ, లోపల వేడెక్కి గింజ రంగు మారుతోందనీ, ఇన్నేళ్లలో తనను అడిగినవాళ్లే లేరనీ చెప్పింది.

మర్నాడు నీరజ సుధాకర్ దగ్గరికి వెళ్లింది.

“సార్, ఎండబోయగలిగినన్ని వడ్లే కొందాం. మిగిలినోళ్లకు ఏ రోజు రావాల్నో చీటీ రాసిద్దాం.”

“రైతు ఆగుతడా? పక్క మిల్లుకు పోతడు.”

“కొందరు పోతరు. కొన్న వడ్లయితే ఖరాబు కావు. ఒక్క సీజన్ సూడండి.”

మొదటి నెల ట్రాక్టర్లు తగ్గి సుధాకర్ పరేషాన్ అయ్యాడు. సీజన్ ముగిసేసరికి ఒక్క బస్తా కూడా వెనక్కి రాలేదు. రెండేళ్లకు అమ్మకం మాటే మానేశాడు. నీరజ పట్టుబట్టి శాంతాబాయిని కల్లానికి మేస్త్రీని చేయించింది. ఎవరు మెచ్చుకున్నా శాంతాబాయి పేరే ముందు చెప్పేది.

2008లో సూర్యాపేటలో ఒక నూనె మిల్లును కూడా అలాగే, ముందు పనివాళ్లతో మాట్లాడి నిలబెట్టింది. మునిగే కంపెనీని ఒడ్డున పడేసే మనిషని పేరొచ్చింది.

ఆ పేరు విని కోదాడలోని ఒక మిల్లువాళ్లు పిలిచారు. అక్కడ యంత్రాలు పాతవి, పైగా కరెంటు కోతలు. ఎనిమిది నెలలు చూసి, మూసేయడమే మంచిదని యజమానికి చెప్పింది. ముప్పై ఒక్కమంది పనివాళ్లకూ ఆ మాట తనే ఎదురుగా నిలబడి చెప్పింది. తర్వాత నాలుగు నెలలు నేరేడుచర్ల, హాలియా మిల్లుల చుట్టూ తిరిగి ఇరవై ఏడుగురికి పని చూపించింది. మిగిలిన నలుగురి సంగతి ఆమెను చాలాకాలం బాధపెట్టింది.

2014లో, ఆ ఇరవై ఏడుగురిలో ఒకడు, హాలియాలో బాయిలర్ పనికి కుదిరిన జవహర్ రెండు గదుల ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. నీరజ మొహమాటపడుతూనే వెళ్లింది. నీ మిల్లు మూయించిన దాన్ని, నన్నెందుకు పిలిచావని అడిగింది.

“మీరు మూసింది మిల్లునే మేడమ్. మమ్మల్ని గాలికొదిలెయ్యలేదు” అన్నాడు జవహర్.

అతని భార్య విస్తరి వేస్తే నీరజ కూర్చుని, పప్పు రెండోసారి అడిగి వేయించుకుని తిన్నది.