విమానం గోడకు బాపు నేసిన బట్ట

షాద్‌నగర్‌ల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్ చూస్త నేను. డబ్బల మీద బ్యాచ్ నంబరు సరిగ్గ పడ్డదా లేదా చూసుడే నా నౌకరి. పొద్దంత నంబర్లు చూసెటోనికి డ్యూటీ దిగినంక గూడ ఆ పిచ్చి పోదు గదా. నాది విమానాల నంబర్ల పిచ్చి. కిరాయి ఇంటి మిద్దెక్కి, మీదికెల్లి పోయే విమానం ఏదో ఫోన్ల చూసి, దాని అక్షరాలు నోటుబుక్కుల రాసుకునేటోన్ని. బండికి నంబరున్నట్టే విమానానికి గూడ ఉంటది. మన దేశపు దానికైతే ముందుగాల ‘వీటీ’, నడుమ ఒక గీత, ఆ తర్వాత మూడక్షరాలు.

ఒక కంపెనీ దూరదేశాలకు నడుమ ఆగకుంట పోయే కొత్త పెద్ద విమానాలు తెప్పిస్తాందని తెలిసినప్పుడు నేను పండుగ చేసుకున్న. అందుల సీట్ల వరుస నాకు ఎక్కాల లెక్కనే నోటికొచ్చు. ముందట పడుకునే సీట్లు ఒకటి-రెండు-ఒకటి. నడుమ జర పెద్ద సీట్లు రెండు-మూడు-రెండు. ఎనుక మనలాంటోళ్లకు మూడు-మూడు-మూడు. “ఎక్కితె పన్నెండో వరుస కిటికీ సీటే అడుగున్రి, కాళ్లకు మస్తు జాగా” అని క్యాంటీన్ల సోపతులకు సలహా ఇచ్చేటోన్ని. అప్పటికి నేను ఎక్కిన విమానాలు సున్న. బస్సుల డ్రైవరు ఎనుక సీటు దొర్కితె అదే నాకు ముందటి తరగతి.

చౌటుప్పల్ దాటినంక లోపలికి పోతె మా ఊరు వస్తది. మా బాపు, అమ్మ అక్కడ మగ్గం నేస్తరు. నేసుడు బాపుది. నూలుకు చిటికి కట్టుడు అమ్మది. రంగు ఎక్కద్దన్న కాడల్ల సైకిల్ ట్యూబు రబ్బరుతోటి పోగులను బిగించి కడతది. రంగుల ముంచినంక ఆ కట్లు విప్పితె డిజైను బయట పడతది. విమానాల సంగతి చెప్పినప్పుడల్ల అమ్మ ఒక్కటే మాట అనేది: “పైకి చూసుకుంట నడువకు, మురికి కాల్వల పడతవ్.”

బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారిన యేడు మా నేతగాళ్ల సొసైటీ సారు ఫోన్ చేసిండు. “మీ ఇంటికి విమానపోళ్లొస్తున్రు. ఇంగ్లీషు చెప్పేటోడు కావాలె, లీవు పెట్టి రా” అన్నడు. ఏ కంపెనీ అని అడిగిన. అదే కంపెనీ! ఆ రోజు ప్యాకింగ్ సెక్షన్ల ఎన్ని డబ్బల మీద నంబరు తప్పు పడ్డదో దేవునికే ఎరుక.

ముగ్గురొచ్చిన్రు. డిజైన్ మేడం ఒకామె, టై కట్టుకున్న పెద్ద సారు ఒకాయన, వీళ్లిద్దరి ఫోటోలు తీసుడే పనిగ ఇంకొకాయన. మేడం మగ్గాన్ని చూసి చేతులు జోడించింది. మనిషిని చూసి జోడించలే గని మగ్గాన్నైతే చూసి జోడించింది. తర్వాత ఇంగ్లీషుల ఏదో అడిగింది.

“ఏమంటాంది?” అన్నడు బాపు.

“ఈ మగ్గం ఎనుక ఉన్న కథ చెప్పమంటున్నరు.”

బాపు ఎనుకకు తిరిగి చూసి, “మగ్గం ఎనుక గోడ ఉంది. మొన్ననే సున్నం కొట్టించినం” అన్నడు.

నేను ఇంగ్లీషుల “మా తాతముత్తాతల నుంచి వస్తున్న వారసత్వం” అని చెప్పిన. మేడం కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ దినమంత నా తర్జుమా అట్లనే నడిచింది.

వాళ్లకు కావల్సింది ఇది. విమానంల ముందటి తలుపు తెరిచి లోపలికి అడుగు పెట్టంగనే ఒక గోడ వస్తది. ఒక్కొక్క విమానంల ఆ గోడకు ఒక్కొక్క నేతగాని బట్ట వేస్తరంట. బట్ట అంచుకు ఆ విమానం నంబరు గూడ నేతలనే రావాలంట. మూడక్షరాలు ఒక కాయిదం మీద రాసిచ్చిన్రు. నడిమి అక్షరం ఎస్.

బాపుకు ఇంగ్లీషు రాదు. కాయిదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “నాకిది అక్షరం గాదు, బొమ్మ. నడుమ పాము లెక్క వంకరగున్నది జర సతాయిస్తది. అయినా చేస్త” అన్నడు.

నిజంగనే సతాయించింది. చిటికిల గీతలు, డబ్బలు ఆరాంగ వస్తయి. గుండ్రంగ తిరిగేది రావాలంటే కట్టు కట్టుకు లెక్క మారాలె. అమ్మ కండ్లద్దాలు పెట్టుకొని ఆ పాము మీద పదిరోజులు కూసున్నది. రంగులేసి, ఆరబెట్టి, కట్లు విప్పితె, అప్పుడే పడుగ విప్పినట్టు ఎస్ బయటికొచ్చింది. అమ్మ దాన్ని చూసి చిన్నపిల్ల లెక్క నవ్వింది. ఇగ మగ్గం మీదికి ఎక్కించుడే తరువాయి.

అప్పుడు మేడం నాకు ఫోన్ చేసింది. నంబరు మారిందంట. నడిమి అక్షరం ఎస్ గాదు, జీ.

నేను ఊరికి పోయి నిమ్మలంగ చెప్పిన. బాపు ఆ కాయిదం మల్ల తీసి చూసి, “సర్కారోళ్లు బండ్లకు ఎస్ తీసి జీ పెట్టిన్రు. వీళ్లు విమానానికి ఎస్ తీసి జీ పెట్టిన్రు. ఎస్ అందరికీ ఏం పాపం చేసింది రా?” అన్నడు. మా మోపెడు ఇంకా ఏపీ నంబరు మీదనే తిరుగుతాంది, దాన్ని మార్చమని ఎవ్వరూ అడుగలే. బాపు మల్ల అందుకున్నడు: “రంగు పడ్డ నూలు మల్ల తెల్లగైతదా? విమానం మీద రాసిన అక్షరం గీకి వేరేది రాసుకోవచ్చు. నా దగ్గర గట్ల నడువది.”

“పెద్ద కంపెనీ బాపూ, వాళ్ల కష్టాలు వాళ్లకుంటయి” అన్న నేను. ఆ కంపెనీ నాకు జీతమిస్తున్నట్టే మాట్లాడిన.

అమ్మ కొత్త నూలు తీసింది. మల్ల పదిరోజులు. ఎస్ ఉన్న నూలు ఏం జెయ్యాల్నో తెలువక దూలానికి వేలాడదీసింది.

బట్ట పంపినంక చాన దినాలు వాళ్ల నుంచి సప్పుడు లేదు. ఆఖరుకు దావత్ కార్డు వచ్చింది. కొత్త విమానం పట్నం ఎయిర్‌పోర్టుకు వస్తాంది, మీరు ముగ్గురూ రావాలె అని. అమ్మ తను చిటికి కట్టిన చీరల్ల మంచిది కట్టుకున్నది. బాపు తెల్ల దోతి. నేను కంపెనీల ఒకలి దగ్గర బూట్లు అడిగి తెచ్చుకున్న. నా బూట్లకు, వాళ్ల చెప్పులకు గేటు కాడనే ప్లాస్టిక్ సంచులు తొడిగిన్రు.

విమానం తలుపు పక్కన దాని నంబరు చూసి నా పానం లేచొచ్చింది. నోటుబుక్కుల రాసుకునే అక్షరాలను చెయ్యితోటి ముట్టేంత దగ్గర్ల చూసుడు అదే మొదటిసారి. లోపలికి అడుగు పెట్టంగనే ముందట గోడ. గోడ మీద మా బట్ట.

బట్ట గాదు, బట్ట ఫోటో. ప్లాస్టిక్ రేకు మీద అచ్చేసి అతికిచ్చిన్రు. బాపు గోరుతోటి కొట్టి చూసిండు. టక్ టక్ అన్నది.

మేడం మురుసుకుంట ఇంగ్లీషుల చెప్పింది: అసలు బట్ట నిప్పు పరీక్షల నిలువలే, అందుకే ఫోటో తీసి అచ్చేసినం, అసలు దాంట్ల అంచులు జర అలికినట్టున్నయి గదా, మా కంప్యూటరోళ్లు అన్నీ క్లీన్ చేసిన్రు.

“ఏమన్నది?” అడిగిండు బాపు.

“మస్తుగ వచ్చిందంటున్నరు” అన్న. అబద్ధం చెప్పుడు అప్పటికి నాకు అలవాటై పోయింది. కని ఆ ఇంగ్లీషుల ఒక్క మాట అమ్మకు ఎరుకే.

“క్లీన్ చేసిన్రంటనా? ఏం, మేం మురికి బట్ట ఇచ్చినమా?” అన్నది.

నేను జవాబు చెప్పేలోపల ఫోటో అని పిలిచిన్రు. వాళ్లిద్దరిని ముందటి సీట్లల్ల కూసోబెట్టిన్రు. ఆ సీటుకు ఎన్ని గుండీలున్నయో నాకు ముందుగాలనే తెలుసు, ఒక్కొక్కటి ఏం చేస్తదో అమ్మకు చెవుల చెప్పుకుంట నిలవడ్డ. ఫోటో తీసేటాయన “నవ్వమ్మా” అంటాంటె అమ్మ చెయ్యి ఏ గుండీ మీద పడ్డదో, సీటు నిమ్మలంగ పరుచుకొని మంచమైంది. అమ్మ ఎల్లెలుకల పండుకున్నది. “ఓ అయ్యా! ఆపుర్రి!” అని మొత్తుకున్నది. నేను గుండీలన్ని ఒత్తిన. దీపం ఎలిగింది, టీవీ బయటికొచ్చింది, అమ్మ మాత్రం లేవలే. బాపే చెయ్యి పట్టి లేపిండు.

గప్పుడే పెద్దోళ్లెవరో వస్తున్నరని టై సారు ఉరికొచ్చిండు. “మీరు జర ఎనుక కూసోన్రి, అక్కడ ఇంకా ఫ్రీగ ఉంటది” అన్నడు. మూడు-మూడు-మూడు కాడికి తోలిన్రు. పోయేటప్పుడు నా పన్నెండో వరుస కిటికీ సీటు చూసుకుందమని ఆగిన. సీటుంది, నంబరుంది, కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన కాడ ఉత్త గోడ. ఎంతమందికి సలహా ఇచ్చిన్నో గుర్తు చేసుకుంట ఆఖరి వరుస దాక పోయిన.

బాథ్రూముల పక్కన ముగ్గురం కూసున్నం. మేడం పలారం డబ్బలు పట్టుకొని రాంగనే బాపు నా దిక్కు తిరిగిండు.

“నేను చెప్పింది చెప్పినట్టు చెప్తవా? నీ మసాల కలుపకుంట?”

“చెప్త.”

“రంగు కట్టు కిందికి జర పాకుతది. అందుకే అంచు చెదురుతది. అంచు చెదిరితెనే అది చిటికి. చెదరకపోతె అచ్చు. అచ్చే కావల్నంటె నా దగ్గరికెందుకొచ్చిన్రు? రెండుసార్లు మా ఇంటిదానితోటి అక్షరాలు ఎందుకు కట్టించిన్రు? ఆ అక్షరాలు ఏవి?”

అప్పుడు చూసిన. గోడ మీది బొమ్మల నంబరే లేదు.

నేను ఇంగ్లీషుల చెప్పిన. వారసత్వం లేదు, తాతముత్తాతల్లేరు, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. రెండు కాడ వ్యాకరణం తప్పింది. మేడం మొఖం ఎర్రగైంది. డబ్బలు సీటు మీద పెట్టి మెల్లగ చెప్పింది: ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క బొమ్మంటె కష్టమైతదని పైనోళ్లన్నరు, ఇదే ఫోటో అన్ని విమానాలకు వేస్తరు, అందుకే నంబరు తీసేసిన్రు.

నేను తెలుగుల చెప్పంగనే బాపు, “మరి నా బట్టేది?” అన్నడు.

“ఆఫీసులో భద్రంగా ఉంది అంకుల్” అన్నది ఆమె, ఈసారి తెలుగులనే. ఆమెకు తెలుగొస్తదని నాకు అప్పుడే ఎరుకైంది.

“భద్రం వద్దు. నా బట్ట నాకియ్యిన్రి.”

ఇస్తమన్నది. నేను ఆశ పెట్టుకోలే. పలారం డబ్బల్ల కేకు ముక్క, సమోస ఉన్నయి. అమ్మ తినకుంట సంచిల పెట్టుకున్నది, దిగేటప్పుడు గేటు కాడ అవి గూడ తీసుకున్రు.

రెండు నెలలకు ఒక అట్టడబ్బ వచ్చింది. లోపట మా బట్ట, దాని మీద ఒక చిట్టీ. నేను చదివిన: “శాంపిల్. తిరస్కరించబడినది. కారణం: అంచులు సమానంగా లేవు.” ఉత్తరం లేదు, పేరు లేదు. ఆ మేడం తన మాట నిలబెట్టుకున్నది, ఆమె గురించి నేను చెడుగ అనను. కని ఆ చిట్టీ అతికిచ్చిన చెయ్యి ఎవరిదో చూడాల్నని నాకు ఇప్పటికీ ఉన్నది.

ఆ తర్వాత మహబూబ్‌నగర్‌ల చేనేత ఎగ్జిబిషన్ పెడితె సొసైటీ తరపున బాపు పోయిండు, నేను ఆయితారం తోడు పోయిన. ఆ బట్టను గూడ వేరే వాటి నడుమ వేలాడదీసినం. పొద్దుగూకేటాల్లకు ఒకామె వచ్చింది. అచ్చంపేట దిక్కు దవాఖానల నర్సునని చెప్పింది. బట్టను ఎత్తి ఎలుగుల పెట్టి, అంచు మీద ఏలు రాసి చూసింది.

“చేతితోటి కట్టిందే గదా కాకా? అంచు చెదిరింది” అన్నది.

బాపు స్టూలు మీంచి లేచి నిలవడ్డడు. ఆమెకు కూసునేటందుకు స్టూలు జరిపిండు. మా బాపు గిరాకికి స్టూలు జరుపుడు నేను ఎన్నడూ చూడలే.

“గీ అక్షరాలేంది కాకా?”

“ఒక విమానం నంబరమ్మా.”

“నాకెందుకు విమానం నంబరు? మంచం మీద వేసుకుంట. గా ముక్క కోసియ్యి.”

అమ్మ పదిరోజుల పని! బాపు మాత్రం అడిగిందే తడువు కత్తెర తీసిండు. నంబరున్న జానెడు ముక్క కోసి పక్కన పడేసి, బట్ట నున్నగ మడతపెట్టి, రెండు చేతులతోటి ఆమెకిచ్చిండు. పోయేటప్పుడు ఆమె “ఎండల ఆరెయ్యొచ్చా?” అని అడిగింది. నీడల ఆరెయ్యమని, ఉప్పు నీళ్లల్ల ఒకసారి ముంచమని చెప్పుకుంట గేటు దాక ఆమె ఎంబడి పోయిండు.

నేను ఆ ముక్క తీసి జేబుల పెట్టుకోబోయిన. అప్పటికే పక్క దుకాణపాయన దానితోటి చాయ్ ఒలికిన బల్ల తుడుస్తుండె.