నది దాటకుండా తాతను సాగనంపి వచ్చాం

తాత పోయిన పూట నన్ను ఆయన దగ్గర ఉండనివ్వలేదు. నాకు ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్ల చావింట్లో ఉండకూడదని అమ్మ నన్ను సీతాఫల్‌మండి నుంచి బోయిగూడలో పిన్ని ఇంటికి పంపేసింది. రాంగోపాల్‌పేట్ ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న చిన్న పుస్తకాలు చదివి, మూఢాచారాల మీద కాలేజీలో గొంతు చించుకున్నదాన్ని, ఆ రోజు ఏడుస్తూ ఆటో ఎక్కేశాను. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసిన తాత రోజూ పొద్దున నా కడుపు వైపు చూసి, నెలకో స్టేషన్ లెక్కన లోపలి బిడ్డను, "ఏ స్టేషన్ దాక వచ్చినవ్ సారూ?" అని అడిగేవాడు. చివరి రోజు ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే వచ్చేశాను. అందుకే అస్థికలు బాసర గోదావరిలో కలపడానికి బయల్దేరుతున్నారని తెలియగానే బ్యాగుతో ఇంట్లో దిగాను.

"నువ్వెట్లొస్తవే? కడుపుతోటి ఉన్నోళ్లు నది దాటొద్దు. బాసర బ్రిడ్జి అవతలున్నది," అన్నాడు బాబాయి.

"దాటితే ఏమైతదో శాస్త్రీయంగా చెప్పు బాబాయ్, ఇక్కడ్నే ఆగిపోత!"

"దీనితోని పెద్ద పరేషాన్. అమ్మా, నువ్వన్న చెప్పు జెర."

నానమ్మ చాయ్ ఊదుకుంటూ అంది: "దాటొద్దన్నరు గని, ఒడ్డు దాక పోవద్దని ఎవలన్నర్రా? బ్రిడ్జికి ఇవతల్నే దిగుదాం. ఇవతలి నీళ్లు గోదావరి కావా?"

అరగంట ఉపన్యాసం సిద్ధం చేసుకున్న నాకు అది మొదలుపెట్టే అవకాశమే రాలేదు.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే నిజామాబాద్ మీదుగా పోయే ప్యాసింజర్ ఎక్కాం. మనిషికి ముప్పై రూపాయల లోపే. ఎడమ వైపు కూర్చుంటే ఎండ పడదు. ఆ వైపు కిటికీ సీటు నాకే అనుకున్నాను.

"కిటికీ కాడ మీ తాతను కూసోబెట్టు. ముసలాయన ఆ సీటు ఎవ్వరికీ ఇయ్యడు," అంది నానమ్మ. ఎర్రబట్ట కట్టిన అస్థికల ముంత కిటికీ పక్కన, దాని పక్కన నేను. కామారెడ్డిలో పల్లీలు కొన్నాం. నిజామాబాద్ దాటేసరికి మధ్యాహ్నమైంది.

బ్రిడ్జికి ఇవతలే నవీపేటలో దిగి, గోదావరి ఒడ్డుకు పోను రాను రెండు వందలకు ఆటో మాట్లాడాం. "అందరు బాసరకే పోతరు గదా, మీరేంది ఈడ దిగిండ్రు?" అన్నాడు డ్రైవరు.

"మా పోరికి ఏడో నెల. నోరు సుత పెద్దది," అంది నానమ్మ.

"అన్నా, కడుపుతోటి నది దాటొద్దంటే నువ్వు నమ్ముతవా?" అని అడిగాను.

"మా ఆడిమనిషిని కాన్పుకు ఆ బ్రిడ్జి మీదికెల్లే తోల్కొచ్చిన. పోరడు ఇయ్యాల నా మాట సుత ఇంటలేడు."

"చూస్తివా? గట్లనే అయితది," అంది నానమ్మ. ఆటో అంతా నవ్వులే.

ఒడ్డున నీళ్లు పలచగా ఉన్నాయి. బాబాయి ముంత పట్టుకుని లోపలికి నడుస్తుంటే నానమ్మ గట్టిగా అరిచింది: "లోతుకు పోకురా! మీ నాయినకు ఈత రాదు!"

బాబాయి అక్కడే నిలబడిపోయి మోకాలి లోతులో వదిలాడు. నేను నవ్వుతూనే ఏడ్చాను. ఒంగడానికి కడుపు అడ్డం. నిలబడే చెప్పాను: "తాతా, నవీపేట దాక వచ్చినం. ఇంక రెండు స్టేషన్లే."

నన్ను బోయిగూడకు పంపడం తప్పేనని ఇప్పటికీ అంటాను. ఏ ఆచారమూ నా తాతకూ నాకూ మధ్య నిలబడకూడదు. వచ్చే కాన్పుకు బ్రిడ్జి దాటి చూపిస్తానని తిరుగు రైల్లోనే సవాలు చేశాను. "ముందుగాల గీ కాన్పు కానియ్," అని నానమ్మ కిటికీ సీటు తట్టింది. "కూసో. ఇయ్యాల్టి సంది గిది నీదే."

మీరూ ఇలా వెళ్తే ఒక్క మాట: నవీపేటలో బండి ఎక్కువసేపు ఆగదు. జానకంపేట దాటగానే లేచి తలుపు దగ్గరికి చేరండి, కడుపుతో ఉన్న మనిషిని ముందు దింపండి.