రేపటి పులుసు

అరవైల చివర్లో దబీర్‌పురా రైల్వేస్టేషన్ వెనక గల్లీలో కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే, నాకూ అత్తమ్మకూ బొమ్మిడాయిల దగ్గర చెడింది. బజార్లో వాటిని బామ్ అనేవాళ్లు. గంపలో పాముల్లా మెలికలు తిరుగుతున్న ఆ చేపల్ని చూడగానే వాకిట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. అత్తమ్మ నవ్వింది. కానీ ఆ రోజు నుంచి పదేళ్లపాటు వాటిని ఇంటికి తేలేదు. ఆమెకు ప్రాణమైన కూర అదేనని నాకు తెలుసు. తెలిసీ ఒక్కనాడూ తెచ్చుకొమ్మని అనలేదు. మొండితనంలో నన్ను మించినవాళ్లు ఆ గల్లీలో లేరు.

అత్తమ్మ మంచాన పడ్డాక ఒకరోజు పొద్దున, "బిడ్డా, బామ్ పులుసు తినబుద్ధైతుంది" అంది. అడగకూడనిది అడిగినట్టు, నా మొహం చూడకుండా అంది. నాకు సిగ్గేసింది.

చేపలతను వాకిట్లో గంప దించి, "తాజా హై అమ్మా, జిందా హై" అని, ఇంకా బతికే ఉన్నాయన్నట్టు గంప కదిపాడు. అత్తమ్మ మంచం మీది నుంచే కేకేసింది.

"గా మాటలు నమ్మకు. ఏలు పెట్టి ఒత్తి సూడు. గట్టిగుంటె తీస్కో, మెత్తగ దిగితె ఇడిసిపెట్టు."

కళ్లు సగం మూసుకుని ఒత్తాను. ఆరు ఏరాను. పొయ్యిలోని బూడిద చల్లి, జిగురంతా పోయేదాకా గరుకు బండ మీద రుద్దాను. ఒక చేప రెండుసార్లు చేతిలోంచి జారి మోరీ కాలువ దాకా పోయింది.

"పట్టు, పట్టు! నా కోడలి కన్న అదే హుషారున్నది" అని అత్తమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

వీపు మీది ముళ్లు తీసి, ముక్కలు కోసి, మట్టి చట్టిలో ఉల్లిగడ్డ, మెంతిపొడి, చింతపులుసుతో వండాను. ముక్క విరగకూడదని గరిటె పెట్టలేదు, గుడ్డతో చట్టినే పట్టి తిప్పాను. దించేసరికి పొద్దు వాలింది.

"ఇంత పులుసు నాలుకకు రాయి బిడ్డా" అంది అత్తమ్మ.

ఆ ఇంట్లో చేపల పులుసు చేసిన రోజు తినరు. రాత్రంతా ఊరి, ముక్కకు పులుపు పట్టాక మర్నాడు తింటారు. ఆ పద్ధతి నాకు నేర్పింది ఆమే. నా మొదటి పులుసుకు వంక రాకూడదని నా పంతం.

"నువ్వే గద చెప్పినవ్ అత్తమ్మా. రేపు తిందువు, మస్తుంటది."

ఆమె కాసేపు చట్టి వైపు చూసింది. "గంతే బిడ్డా. రేపే తింట" అంది. నన్ను మెచ్చుకుందనే అనుకున్నాను.

తెల్లారి లేపబోతే ఒళ్లు చల్లగా ఉంది.

చావు జరిగిన ఇంట్లో వండినది ఉంచకూడదని వచ్చిన ఆడవాళ్లు అన్నారు. చట్టిని నేనే బయటికి పట్టుకుపోయాను. మూత తీస్తే పులుసు చిక్కబడి, పైన నూనె తేలి, అచ్చం ఆమె చేసినట్టే కుదిరింది. ఒక్క చెంచా పెడితే నాదేం పోయేది? పదేళ్లు నోరు కట్టుకున్న మనిషికి ఇంకొక్క రోజు కట్టించాను. అంతా మోరీలో పారబోసి, చట్టి కడిగి బోర్లించాను.

ఇప్పుడు పులుసు దించగానే ఎవరు అడిగినా వేడివేడిగా వేసిచ్చేస్తాను. "రేపు తింటె మంచిగుంటది గదమ్మా" అని పిల్లలంటే అరుస్తాను. ఎందుకు అరుస్తానో వాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు.