గూడూరు వాగు ఒడ్డున పోసిన ఒడిబియ్యం

ఇందుమూలంగా ఆడ, మగ, ముసలి, ముతక అందరికీ తెలియజేసేది ఏమనగా: నేటి నుండి మా ఇంటి గొడుగు ఎవ్వరికీ ఎరవు ఇవ్వబడదు. గొడుగు పట్టుకెళ్ళి కర్ర మాత్రమే తిరిగి తెచ్చినవారు మా గడప తొక్కరాదు. బస్సులో కిటికీ పక్క సీటు మీద రుమాలు వేసి కిందికి దిగి చాయ్ తాగేవారి రుమాలు జప్తు చేయబడును. మిర్చి బజ్జీ తిని తొడిమ పక్కవాడి కాగితంలో పెట్టినవారికి పచ్చి మిరపకాయలతోనే శిక్ష. ఇది లింగాల ఘనపూర్ మండలంలో పెళ్ళికీ చావుకీ మైకుసెట్టు కిరాయికిచ్చే నా ఉత్తర్వు. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడిని, కాబట్టి నా మాటకు రెట్టింపు విలువ ఇవ్వవలెను.

ఇక ప్రయాణం సంగతి. మా చెల్లెలు సుజాత భూపాలపల్లిలో ఉంటుంది. బావ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఇన్నేళ్ళు క్వార్టర్లో ఉండి, ఈ శ్రావణంలో సొంతంగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. కొత్తింట్లో అడుగుపెట్టిన ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్ళు పసుపు కలిపిన బియ్యం పోయాలి. పోసేది ఆ ఇంటి ముత్తైదువ, మోసుకెళ్ళేది అన్నో తమ్ముడో. అదే ఒడిబియ్యం. వారం ముందే సుజాత ఫోన్ చేసి చెప్పింది.

"అన్నా, దుకాణం బియ్యం తేకు. మన పొలంల బియ్యమే తే. అమ్మ పోయినంక నా ఒడి ఒక్కసారి గూడ నిండలె."

పెళ్ళికి ముందు ఆ పొలంలో ఏటేటా నాటు వేసింది ఆమే. నాకు పొలం గట్టు మీద కూర్చుని పాటలు పాడటం ఒక్కటే వచ్చు. అందుకే సరేనన్నాను, మాట ఇచ్చాను.

నేనొక్కడినే అయితే జనగామలో బస్సెక్కి హన్మకొండ, పరకాల మీదుగా మూడున్నర గంటల్లో పోయేవాణ్ణి. కానీ మా ఆవిడ కాలు విరిగి మంచంలో ఉంది. మా ఇంటికి మిగిలిన ముత్తైదువ అంటే మా వదినే. అన్న ఉద్యోగం కోసం వాళ్ళుండేది మహబూబాబాద్‌లో, మా నోట్లో మానుకోటలో. ఆమెను అక్కడ ఎక్కించుకుని నర్సంపేట, ములుగు మీదుగా భూపాలపల్లి చేరాలనేది నా పథకం. దారిలో ఘనపూర్‌లో దిగి వదినకు కాకతీయుల నాటి కోటగుళ్ళు చూపిద్దామని కూడా అనుకున్నాను. (బస్సెక్కేటప్పుడు ఘనపూర్ అని ఊరికే అనకండి. మా దిక్కు ఘనపూర్లు చాలా ఉన్నాయి. ములుగు ఘనపూర్ అని అడగండి. లేదంటే మా ఊళ్ళో దిగుతారు, మా ఊళ్ళో చూడటానికి నేను తప్ప ఏమీ లేదు.)

తెల్లవారకముందే జనగామ స్టేషన్‌లో మానుకోట బండెక్కాను. టికెట్ వంద లోపే. మామూలుగా రెండు గంటల ప్రయాణం. ఆ రోజు వానకు బండి కాజీపేట ముందు నిలబడి, వరంగల్ దాటాక మళ్ళీ నిలబడి, అత్తారింటికి వెళ్ళే కొత్తల్లుడిలా ఆగి ఆగి వెళ్ళింది. మానుకోటలో వదిన అప్పటికే బస్టాండులో నిలబడి ఉంది.

"ఏంది తమ్మీ, రైలు నువ్వే నూకుకుంట వచ్చినవా?"

"నూకితె ఇంకా జల్ది వస్తుంటి వదినా. లోపల కూసునేసరికి ఆలస్యమైంది."

నర్సంపేట బస్సులో వదినకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్. నాకు మాత్రం పూర్తి ఛార్జీ. "నాకు గూడ ఒక చీర ఇయ్యి వదినా, కట్టుకుంట" అన్నాను. కండక్టర్ నవ్వలేదు. వానాకాలంలో కండక్టర్లు నవ్వరు, ఇది గుర్తుంచుకోండి. బియ్యం సంచిని డ్రైవర్ పక్కన ఇంజను పెట్టె మీద పెట్టాను. అక్కడైతే వెచ్చగా ఉంటుందని నా తెలివి. సరిగ్గా దాని నెత్తిన బస్సు కప్పు కారుతోందని నాకు తెలియదు.

గూడూరు దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు వాగు రోడ్డు మీదుగా పారుతోంది. రోడ్డు ఎక్కడుందో, వాగు ఎక్కడుందో చెప్పలేం. మధ్యలో మైలురాయి నెత్తి ఒక్కటే కనిపిస్తోంది, మునిగేవాడు చెయ్యెత్తినట్టు. ఇవతల మా బస్సు, రెండు లారీలు, అరడజను ఆటోలు.

"ఎంతసేపు అన్నా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"వాగునడుగు. నా చేతిల స్టీరింగ్ ఉన్నది గని గేటు లేదు."

"గంటా, రెండు గంటలా?"

"దిగితె గంటల దిగుతది. దిగకుంటె రేపే. నన్ను పరేషాన్ చెయ్యకు, పోయి చాయ్ తాగు."

రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఒక హోటల్ ఉంది. శాంతిబాయి అని, పక్క తండా ఆమె, బజ్జీలు వేస్తోంది. బస్సు మొత్తం ఆ రేకు కిందికే చేరింది. మధ్యాహ్నం అవుతుండగా సుజాత ఫోన్.

"అన్నా, ఏడికొచ్చినవ్? వ్రతం అయిపాయె."

"వాగుల ఈత కొడుతున్న. నీళ్ళు సల్లగున్నయి."

"నీ ముచ్చట్లు బందువెట్టు. నిజంగ ఏడున్నవ్?"

"నిజంగనే, గూడూరు వాగు వొచ్చింది చెల్లే. బస్సు ఆగింది."

వెనక మనుషుల గోల వినబడుతోంది. ఆ గోలలోనే సుజాత అంది: "భోజనాలు పెట్టిస్త, వాళ్ళను పంపిస్త. నువ్వు పొద్దుగూకినంక వచ్చినా సరే. నువ్వు వచ్చేదాక నేను దీపం పెట్ట."

ఆ మాట విని కూడా, ఆ రోజుకి చేరతామన్న నమ్మకం నాకు కలగలేదు. వాగు చూస్తే తగ్గేలా లేదు. ఇంతలో వదిన సంచి విప్పింది. అడుగున బియ్యం తడిసి, పసుపు కారి సంచి గుడ్డకు అంటుకుంది.

"అయ్యో, నానినయి తమ్మీ."

"ఏం బియ్యమక్కా?" అని శాంతిబాయి బజ్జీ గంటె పట్టుకునే వచ్చింది. వదిన చెప్పింది. ఆమె ముక్కున వేలేసుకుంది. "మా తండల గిది లేదు. మాకు తీజ్ పండుగ ఉంటది, గప్పుడు అన్నదమ్ములు ఇంటికొస్తరు. మా అన్నలు పని కోసం పుణె పోయిండ్రు. ఈసారి తీజ్‌కు గూడ రాలె."

మామూలుగానే చెప్పింది, బజ్జీ నూనె రేటు చెప్పినట్టు. నేనే ఊరుకోలేదు. రేకు కింద నలభై మంది ఉన్నారు, అందరికీ విసుగ్గా ఉంది, నాకు నాలుక దురదగా ఉంది. స్టూలు మీదికెక్కి మైకులో మాట్లాడినట్టు గొంతు సవరించుకున్నాను.

"ఇందుమూలంగా చెప్పొచ్చేదేమంటె! శాంతిబాయి అన్న దొరికిండు! పుణె నుంచి కాదు, లింగాల ఘనపూర్ నుంచి వచ్చిండు!"

జనం చప్పట్లు కొట్టారు. ఫోన్లు బయటికొచ్చాయి. వదిన నా చొక్కా పట్టి లాగింది.

"తమ్మీ, జర ఆగు. గవి సుజాత పేరు మీద తీసిన బియ్యం."

"తడిసిన బియ్యం వదినా. పొద్దుగూకేసరికి వాసనొస్తయి. చెల్లెకు పులిసినయి పోస్తవా?"

"పైవన్నీ మంచిగనే ఉన్నయి గదా. కిందివి ఆరబోస్తె ఆరుతయి."

"ఈ వానల ఏడ ఆరబోస్తవ్, నా నెత్తి మీదనా? వాగు దిగేది లేదు, మనం పోయేది లేదు."

నలభై మంది చూస్తుంటే ఎక్కువసేపు కాదనడం ఎవరికైనా కష్టమే. శాంతిబాయి చేతులు కడుక్కొచ్చి, సిగ్గుపడుతూ కొంగు పట్టింది. వదిన దోసిలితో పోసింది. ఐదో దోసిలికి శాంతిబాయి కళ్ళు తుడుచుకుంది. మిగతాదంతా నేను సంచి ఎత్తి గుమ్మరించాను. అందరూ ఈలలు వేశారు. ఆమె మాకు బజ్జీలు ఊరికే పెట్టింది. నా జీవితంలో అంత మంది నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. సుజాత కోసం తెచ్చిన చీర, కుడకలు, అంటే ఎండుకొబ్బరి చిప్పలు, మాత్రం వదిన తన సంచిలోంచి తీయలేదు. అంత తెలివి నాకు లేదు.

బజ్జీలు చల్లారకముందే వాన సన్నబడింది. మరో గంటకు మైలురాయి మెడ దాకా తేలింది. ఆ తర్వాత అవతలి నుంచి ఒక ట్రాక్టరు దాటొచ్చింది. మా డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి! వాగు తొవ్వ ఇచ్చింది!"

అందరూ కేకలు వేస్తూ పరుగెత్తారు. వదిన, నేను లేవలేదు. శాంతిబాయికి మా మొహాలు చూడగానే అర్థమైంది. కొంగులోని బియ్యాన్ని గిన్నెలో పోసి తెచ్చింది.

"తీసుకపోండన్నా. మీ చెల్లె ఎదురుచూస్తది."

నా చెయ్యి ముందుకు పోయింది, అబద్ధమెందుకు. వదిన ఆపింది. "ఒడిల పడ్డది ఆడిబిడ్డ సొమ్ము. వాపస్ తీసుకోవద్దు. ఉంచుకో అవ్వా."

నర్సంపేట దాకా వదిన ఖాళీ సంచి మడతలు పెడుతూ కూర్చుంది. అక్కడ దిగి కిరాణా దుకాణంలో సన్నబియ్యం, పసుపు కొన్నాం. ములుగు బస్సులో వదిన ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, కుదుపుల మధ్యే పసుపు కలిపింది. "మన పొలం బియ్యమే అని చెప్దాం వదినా, ఎవరు జూసిండ్రు?" అన్నాను. "నువ్వు చెప్పు. నా నోటినుంచి రాదు" అంది. ములుగులో మళ్ళీ బస్సు మారాం. మానుకోట నుంచి మొత్తం వంద కిలోమీటర్లకు పైనే. వాన లేకపోతే నాలుగు గంటల దారి, మాకు పగలంతా పట్టింది. ఘనపూర్ వచ్చేసరికి మసక చీకటి. కోటగుళ్ళ వైపు దారి ఉన్న చోట వదిన తల తిప్పి కూడా చూడలేదు.

భూపాలపల్లిలో ఆటో దిగితే వీధంతా లైట్లు వెలుగుతున్నాయి, ఒక్క సుజాత ఇల్లు తప్ప. గుమ్మానికి మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. బావ వాకిట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. సుజాత పట్టుచీర విప్పకుండా, పీట మీద తూర్పు మొహంగా కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి పెద్దగా నవ్వింది.

"వచ్చిండ్రా! నేను చెప్పిన గదా ఈయనకు, మా అన్న వస్తడని."

ముందు దీపం పెట్టారు. వదిన కొత్త చీర ఇచ్చి, కుడకలు పెట్టి, దోసిలితో బియ్యం పోసింది. సుజాత ఒడిలోని గింజలు నాలుగు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాటు వేసిన చెయ్యి అది.

"అన్నా, గివి మన పొలం బియ్యమేనా?"

ఎంతమందినో బురిడీ కొట్టించినవాణ్ణి. చచ్చిపోయినవాడి పేరుతో పెళ్ళిలో చదివింపులు చదివించినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం అబద్ధం ఆడలేకపోయాను. వదిన గోడకేసి చూసింది. చివరికి మొత్తం చెప్పాను, వాగు, బజ్జీలు, స్టూలు, చప్పట్లు, అన్నీ. సుజాత విని, నవ్వి, "పోనియ్యన్నా. ఎవరి ఒడి అయితేంది, ఆమె గూడ ఆడిబిడ్డే గదా" అంది.

మర్నాడు ఎండ కాసింది. వదినను మానుకోట దారిన బస్సెక్కించి, నేను పరకాల దారిన మూడున్నర గంటల్లో జనగామ చేరాను, దారిలో ఎక్కడా చుక్క నీరు అడ్డు రాలేదు. కిటికీ పక్కనే కూర్చున్నాను కానీ ఏమీ చూడలేదు. వాన నా ప్రయాణాన్ని పాడుచేసిందని ఇంటికొచ్చాక అందరికీ చెప్పాను, అందరూ నమ్మారు. వాన చేసింది ఏముంది? మమ్మల్ని కొన్ని గంటలు కూర్చోబెట్టింది. అంతసేపు ఊరికే కూర్చోవడం నాకు రాలేదు. శాంతిబాయికి బియ్యం పోసినందుకు నాకు బాధ లేదు, ఆమె మంచి మనిషి. పోయాలనుకుంటే నర్సంపేట దుకాణంలో కొన్న బియ్యం గూడూరు మీదుగా తిరిగొస్తూ ఆమెకు పోసి ఉండొచ్చు. దుకాణం బియ్యం ఎవరికి పోయాలో, పొలం బియ్యం ఎవరికి పోయాలో తారుమారు చేశాను. పొలంలో మళ్ళీ పంట వస్తుంది. కొత్తింటి మొదటి రోజు మళ్ళీ రాదు.

మీరు వానాకాలంలో ఈ దారిన పోయేటట్టయితే ఒక్క సలహా: మానుకోట బస్టాండులోనే గూడూరు వాగు సంగతి కనుక్కుని బస్సెక్కండి. దారిలో ఆగిపోతే మాత్రం, పొద్దుగూకే దాకా మీ సంచి మూతి విప్పకండి.

అన్నట్టు, పైన రాసినదంతా జరిగిందే, ఒక్కటి తప్ప. "ఆమె గూడ ఆడిబిడ్డే గదా" అని మా చెల్లె అనలేదు. అది నేను పరకాల బస్సులో కూర్చుని కట్టుకున్న మాట. అప్పుడు ఆమె నవ్వనూ లేదు. నేను చెప్పిందంతా విని, ఒడిలోని బియ్యం ఒక్క గింజ కింద పడకుండా పళ్ళెంలోకి దులిపి, పీట మీంచి లేచి, "కాళ్ళు కడుక్కోండ్రి, అన్నం పెడత" అంది. అంతే.