మేడం తన మీద రాసుకున్న వాక్యం

ఎండాకాలంలో మా ఆఫీసు పాత కంప్యూటర్లు వేడెక్కితే వెనకనుంచి కాలిన దుమ్ము వాసన వస్తుంది. మొన్న ఆ వాసన తగలగానే షాహీన్ మేడం గుర్తొచ్చారు. ఆమె పోయి ఏడాది. ప్రభుత్వ కంప్యూటర్ల భద్రత చూసే అధికారి ఆమె. తనిఖీకి ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడల్లా ముందు సంచిలోంచి చిన్న బ్రష్ తీసి, నేల మీద కూర్చుని ఆ దుమ్ము దులిపేవారు. కందుకూరులో బట్టలు కుట్టేవాళ్ల ఇంట్లో పుట్టి, టైపిస్టుగా చేరి, ఉద్యోగం చేస్తూనే పరీక్షలు రాసి ఆ స్థాయికి వచ్చారు. నగరంలో ఏసీ గది ఉన్నా నెలలో సగం రోజులు మండలాల్లోనే, బస్సుల్లో తిరిగేవారు.

మా భూరికార్డుల విభాగంలో నా పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు. నేను లేకున్నా రైతుల పని ఆగకూడదని నేనే చెప్పాను. ఒక తనిఖీలో మేడం అది పట్టుకున్నారు.

"రవీందర్, నీ సంతకం నలుగురితోని పెట్టిస్తవా?"

"జనం లైన్ల నిలబడ్తరు మేడం."

"రేపు ఏమన్న అయితే ఆ లైన్ల నువ్వొక్కనివే నిలబడ్తవ్."

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వి, "మార్చుకో" అని వెళ్లిపోయారు. నేను మార్చలేదు.

కొన్ని నెలల తర్వాత, భోజనాల వేళ, నాకు తెలిసిన ఒకతను వచ్చాడు. వాళ్ల పెద్దమ్మ ఫోన్ పోయిందనీ, ఆమె భూమి రికార్డులో తన నంబరు పెట్టమనీ అడిగాడు. నా కంప్యూటర్ మొరాయిస్తుంటే, కాంట్రాక్టు ఆపరేటర్ యాదగిరి కుర్చీలో కూర్చుని, నా పాస్‌వర్డ్‌తో మార్చేశాను. పెద్దమ్మను ఒక్కమాట అడగాలని తోచలేదు. ఆ నంబరుకు వచ్చే ఓటీపీతో అతను ఆ భూమి అమ్మబోయాడు. ముసలమ్మ మా ఆఫీసుకొచ్చి ఏడిస్తే గానీ బయటపడలేదు. అమ్మకం ఆగింది. అతను దొరకకుండా పారిపోయాడు.

విచారణకు మేడమే వచ్చారు. తేలింది రెండే: పాస్‌వర్డ్ నాది, కంప్యూటర్ యాదగిరిది. "కుర్చీల ఎవరు కూసున్నరో ఈ డబ్బ చెప్పది. మీరే చెప్పాలె" అని అందరికీ తెల్లకాగితాలిచ్చారు. ఉద్యోగం పోతుందని భయపడి, ఆ వేళకు నేను లేనని రాశాను. ఆమె చదివి నా ముఖంలోకి చూశారు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు మేడం."

యాదగిరి పేరు రాయమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. రుజువు లేదని ఆమె రాయలేదు. కానీ కాంట్రాక్టరుకు అనుమానమే చాలు. వారంలో అతన్ని తీసేశాడు. మేడం నివేదిక మా ఫైల్లోకి వచ్చాక చదివాను. "పాస్‌వర్డ్ పంచుకుంటున్నారని నాకు ముందే తెలుసు. నోటిమాటతో వదిలేశాను. ఈ తప్పులో నాకూ భాగముంది." ఎవరూ అడగని మాట. దానివల్ల ఆమెకు రావలసిన ప్రమోషన్ ఆగింది. అదే హోదాలో రిటైరయ్యారు.

కందుకూరు వెళ్లి ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. చాయ్ ఇచ్చి అంతా విన్నారు.

"నాకెందుకు చెప్తున్నవ్? యాదగిరికి చెప్పినవా?"

"లేదు మేడం."

"మరి జల్ది చాయ్ తాగి పో."

మరునాడే జరిగిందంతా ఆఫీసులో రాసిచ్చాను. ఇంక్రిమెంట్లు కోశారు, ఏ ఉద్యోగం కోసం అబద్ధమాడానో అది పోనేలేదు. తర్వాత ఆదిభట్ల వెళ్లాను. యాదగిరి అక్కడికి ఉద్యోగులను తెచ్చే కంపెనీ బస్సు నడుపుతున్నాడు. బస్సు అద్దం తుడుస్తూనే నా మాట విన్నాడు.

"నాకు గప్పుడే తెలుసన్నా. నేను తినొచ్చేసరికి నువ్వు నా కుర్చీలకెంచి లేస్తున్నవ్."

"మరి మేడంకెందుకు చెప్పలె?"

"నువ్వు చెప్తవనుకున్న" అన్నాడు.

మేడం ఎవరూ అడగకుండానే తన తప్పు రాసుకున్నారు. నేను అడిగినా రాయలేదు. అందుకే ఇది నా పేరుతోనే రాస్తున్నాను.