వదిన నూనె పూసిన బ్లాకు

ఎమ్మిగనూరులో మా పుట్టింటి వసారాలో, ఒక చెక్క పలక మీద, అంబాసిడర్ కారు ఇంజన్ బ్లాకు ఉండేది. మా అన్న ఎర్రిస్వామి పాత అంబాసిడర్‌లో యాత్రికులను మంత్రాలయానికి తిప్పి ఇల్లు నడిపేవాడు. ఆ కార్ల తయారీ ఆగిపోయి ఏళ్లయింది. కారులోని ఇంజన్ అప్పటికే పొగ కక్కుతోంది. అది చెడిపోయిన నాడు ఈ బ్లాకు ఎక్కించాలి. ఇది పోతే అన్న ఎవరి కారుకో డ్రైవరుగా పోవాల్సిందే.

దాన్ని కాపాడే పని ఎస్తేరు వదినది.

వదిన తుగ్గలి మనిషి. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తుండగా అన్న ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. మా అమ్మ హనుమంతమ్మకు ఆ పెళ్లి మింగుడు పడలేదు. కోడలిని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. "తుగ్గల్దానా" అనేది. వదిన చర్చికి పోవడం మానలేదు, అమ్మ దెప్పడం మానలేదు.

అన్నే ఆమెకు పని నేర్పాడు. ప్రతి అమావాస్యకూ ప్లాస్టిక్ కవరు విప్పాలి. పిస్టన్లు ఆడే నాలుగు బోర్లనూ లోపల వేలితో తడిమి చూడాలి. పాత నూనె తుడిచి కొత్తది పూయాలి. పై చదునుకు గ్రీజు పట్టించి, కంతలకు నూనె గుడ్డలు కుక్కి, మళ్లీ కట్టాలి. పండగకు కారుకు పసుపు పూసినా దీనికి మాత్రం వద్దనేవాడు. "కారుకు రంగు ఉండాది. ఇది బట్టల్లేని ఇనుము. తడి తగలగూడదు" అనేవాడు.

నేను మా అత్తగారి ఊరు హాలహర్వి నుంచి వచ్చినప్పుడల్లా ఆ పని చూసేదాన్ని. వదినకు పిల్లలు లేరు. అమ్మ గడపలో కూర్చుని అనేది: "కడుపులో కాయ ల్యాకపాయె. ఇనప బిడ్డకు మాత్రం నూనె బాగా పూస్తాంది."

"ఈ బిడ్డ ఏడ్వదు గదత్తా, నీ నిద్ర సెడదు" అని వదిన నవ్వేది.

ఒక దసరాకు అన్న యాత్రికులతో మంత్రాలయంలోనే ఉండిపోయాడు. ఆ రోజు జరిగింది నాకు చాలా కాలం తర్వాత వదినే చెప్పింది. అమ్మ బిందెతో నీళ్లు తెచ్చి వసారాలో పెట్టిందట.

"కడుగు దాన్ని."

"తుప్పు పడ్తాదత్తా. ఆయప్ప వద్దని సెప్పినాడు."

"దేవుని నీళ్లకు తుప్పేంటికి పడ్తాది? పూజ సేయను నీకు మనసు ల్యాక సాకులు. నువ్వు వచ్చినంకనే కారు పొగ పట్టింది. నీ చేత్తో కడిగి, పసుపు పూసి, టెంకాయ కొట్టు. ఆ పొద్దు నుంచి నిన్ను పేరు పెట్టి పిలుస్తా. ఉరుకుంద ఈరన్న మీద ఆన."

వదిన కడిగింది. నూనె అంతా పోయేలా సీకాయతో రుద్ది కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ పిండి, టెంకాయ కొట్టింది. ఆ నీళ్లు బోర్లలోకి దిగాయి. వెంటనే తుడవబోతే అమ్మ చేయి పట్టుకుంది. "పండగ పసుపు అమావాస్య దాకా తుడవరాదు." ఆ వారమంతా ముసురు పట్టింది. అమావాస్యకు విప్పి చూస్తే లోపల ఎర్రటి పొడి. వదిన కిరసనాయిలుతో రుద్దీ రుద్దీ, నూనె పూసి, గ్రీజు పట్టించింది. పైకి బాగానే కనిపించింది.

"ఆయప్పకు సెప్తానత్తా."

"సెప్పు. నా కొడుకు నన్ను బయటికి తోస్తాడు. ముసిల్దాన్ని వీధిలో సూసి నీ కడుపు సల్లబడ్తాది."

వదిన చెప్పలేదు. అమ్మ ఆమెను పేరు పెట్టి పిలవనూ లేదు.

ఎండాకాలంలో మాధవరం దగ్గర కారు ఆగిపోయింది. అన్న బ్లాకును ఆటోలో వేసుకుని ఆదోనిలో లేత్ మాదన్న దగ్గరికి పోయి, సాయంత్రానికి దాన్ని అదే ఆటోలో వెనక్కి తెచ్చాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. ఆటో అతనితో కలిసి మోసుకొచ్చి, వసారాలో దాన్ని ధడేలున పడేశాడు.

"గ్రీజు కింద అంతా గుంటలంట. ఇది ముందే ఆఖరి సైజు దాకా బోర్లు కోసిన బ్లాకు, ఇంక కోస్తే గోడ నిలబడదు, పాత ఇనుముకు ఏసుకో అన్నాడు మాదన్న. దీని మీద నీళ్లు పోసింది ఎవురు?"

అమ్మ వెంటనే అంది: "ఎస్తేరు. ఎస్తేరు కడిగింది. వద్దంటే ఇన్లేదు."

వదిన తలెత్తి అమ్మ వైపు చూసింది. ఆ ఇంట్లో అత్త నోట తన పేరు వినడం ఆమెకు అదే మొదటిసారి.

"నా నోట్లో మన్ను కొట్టినావు" అన్నాడు అన్న. "దీన్ని ఈడనే పెడ్తాండా. రోజూ లేస్తూనే దీని మొగం సూడు. నాతో మాత్రం మాట్లాడాకు."

అన్న కారును తెగనమ్మి, ఒక మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా చేరాడు. వదిన చేతి ముద్ద తినలేదు, ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మే వడ్డించేది. వదిన మాత్రం అమావాస్య తప్పకుండా ఆ బ్లాకు తుడిచి నూనె పూసేది. ఎదురింటి కమలమ్మ నవ్వేది: "సచ్చినోళ్లకు తలంటుతాండావేమ్మీ?"

"అలవాటు పోల్యా కమలమ్మక్కా."

ఏడాది తిరగకుండానే వదినకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రి మంచం మీద దసరా సంగతంతా నాకు చెప్పింది. "ఇప్పుడే అనాకు మల్లేశ్వరీ. నేను పోయినంక ఆయప్పకు సెప్పు. అత్తను మాత్రం ఏమీ అనొద్దని సెప్పు." తన గురించి అన్న అడుగుతున్నాడా అని రెండుసార్లు అడిగింది. అడుగుతున్నాడన్నాను.

సమాధి చేసి వచ్చాక అన్నను పక్కకు పిలిచి అంతా చెప్పాను. అన్న నేల చూస్తూ విన్నాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దే తెలుసు. దాని మీద సుక్క నీళ్లు పడనిస్తాదా ఆమె?"

"మరి ఏంటికన్నా, ఏడాది పొడుగునా..."

"అమ్మను ఏమనల్ల మల్లీ? ఎవురినో ఒకరిని అనల్ల గదా."

మరుసటి వారం అమ్మ పాత ఇనుము వాళ్లను పిలిపించింది. ఇద్దరొచ్చి ఎత్తబోయారు. బ్లాకు చేతుల్లోంచి జారింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. ఒకతను అరచేతులు చూసుకున్నాడు.

"ఇంత నూనె ఎవురు పూసినారమ్మా దీనికి?"

"ఉండె లేప్పా, తుగ్గల్ది ఒకతి" అంది అమ్మ. "మన్నుతో తుడుసుకోని ఎత్తండి."